గిడ్డంగిలోని దానము – కొండమీది దీపము

దాత చేతిని విడిచిన వస్తువు దీనుని చేతికి చేరువరకు అది దానము కాదు, సరకు మాత్రమే. ఈ చిన్న న్యాయమును మరచినవారి వలన ఒక ద్వీపమున ఎట్టి అనర్థము వాటిల్లినదో, దానిని మరువని ఒక కొండయూరు ఎన్ని యిండ్లలో దీపము నిలిపినదో, నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి. కథ దూరదేశపుది. కాని తుపానులకు దూరము దగ్గర లేదు. అధికారుల యలసత్వమునకు అంతకంటె లేదు.

కరిబ్బియను సముద్రములో ప్యూర్టో రికో యను ద్వీపము కలదు. 1898లో అది స్పెయిను చేతినుండి అమెరికా సంయుక్త రాష్ట్రముల చేతికి మారినది. 1917 మొదలు ఆ ద్వీపవాసులు అమెరికా పౌరులే. కాని ద్వీపమున నివసించునంత కాలము అధ్యక్షుని యెన్నికలో వారికి ఓటు లేదు. కాంగ్రెసులో వారి ప్రతినిధి యొకడు కూర్చుండును, మాటాడును. బిల్లు నెగ్గవలెనా వీగవలెనా యను తుదినిర్ణయమున మాత్రము చేయి యెత్తజాలడు. 2016లో కాంగ్రెసు చేసిన యొక శాసనము వారి ఆదాయవ్యయములపై ఏడుగురు సభ్యుల సంఘమును కూర్చుండబెట్టినది. ఆ యేడుగురిని ద్వీపవాసులు ఎన్నుకొనలేదు. పన్నుల మాట, అప్పుల మాట నేడు మేము ఎత్తము. ఇట్టి దేశమునకు ఆపద వచ్చినపుడు ఎవరి గుమ్మము తట్టవలెను, ఎవరిని సంజాయిషీ అడుగవలెను అను ప్రశ్నను మాత్రము పాఠకులు మనసున నుంచుకొన కోరుచున్నాము.

2017 సెప్టెంబరు 20వ తేదీన మారియా యను హరికేను తుపాను గంటకు 155 మైళ్ల గాలితో యబుకోవా యొద్ద తీరము దాటినది. అంతకు రెండు వారములకు ముందే ఇర్మా యను మరియొక తుపాను ద్వీపము నుత్తరపు ప్రక్కగా ఒరసి పోయియుండెను. మారియా పోయిన నాటికి ద్వీపమంతటను ఒక్క యింటికైనను కంపెనీ కరెంటు లేదు. ముప్పదిమూడు లక్షల ప్రజ అంధకారములో పడినది. విద్యుత్తును తయారుచేయు పెద్ద కర్మాగారములు దక్షిణతీరమున, దానిని వాడుకొను పెద్దపట్టణము ఉత్తరతీరమున. నడుమ కొండలు, కొండలమీదుగా తంతులు. తంతులు తెగినవి, స్తంభములు కూలినవి. ఆ విద్యుత్సంస్థకు అంతకు ముందే తొమ్మిది వందల కోట్ల డాలర్ల అప్పుండెను. తుపానుకు రెండు నెలల ముందు దివాలా రక్షణ కోరుకొని న్యాయస్థానమున నిలిచియుండెను. మరమ్మతు చేయువారి కొరకు వెదకి వెదకి, తుపాను నాటికి ఇద్దరే పూర్తికాలపు ఉద్యోగులున్నట్లు బయటపడిన వైట్‌ఫిష్ యను కంపెనీకి ముప్పది కోట్ల డాలర్ల కంట్రాక్టు కట్టబెట్టిరి. లోకము నవ్విన పిదప దానిని రద్దు చేసిరి. ఊళ్లన్నిటికి మరల వెలుగు చేరుసరికి దాదాపు పదునొకండు నెలలు గడచెను.

మృతు లెందరు? ప్రభుత్వము మొదట చెప్పిన లెక్క 64. నెలల తరబడి ఆ లెక్క కదలలేదు. తుదకు గవర్నరు కోరికపై జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు పరిశోధించి, తుపాను మొదలు 2018 ఫిబ్రవరి వరకు మామూలుకంటె అధికముగా మరణించినవారు 2,975 మంది యని 2018 ఆగస్టులో అంచనా కట్టిరి. ప్రభుత్వము ఆ సంఖ్యను అంగీకరించినది. అంతకు ముందే హార్వర్డు పరిశోధకులు 3,299 యిండ్లు తిరిగి విచారింపగా, సగటున ఒక్కొక్క యిల్లు 2017 డిసెంబరు ముగియులోగా 84 దినములు విద్యుత్తు లేక యున్నట్లును, తమకు తెలియవచ్చిన మరణములలో సుమారు మూడవ వంతు వైద్యము అందకపోవుటచేతనో ఆలస్యమగుటచేతనో జరిగినట్లును తేలినది. మా పాఠకులు ఈ మాటను రెండుసార్లు చదువవలెను. పెనుగాలి ఒక్క పగలు వీచినది. దాని వెనుక వచ్చిన చీకటి నెలల పర్యంతము నిలిచి ముసలివారిని, పేదవారిని ఏరి యేరి తీసికొనిపోయినది. ప్రాణవాయువు నందించు యంత్రము ఆగినది. ఇన్సులినుకు చల్లదనము కరవైనది. డయాలిసిసు గదిలో మోటారు తిరుగలేదు. వీరి మరణపత్రములో తుపాను పేరు లేదు గనుక ప్రభుత్వపు లెక్కలో వీరు లేకపోయిరి!

సహాయము రాలేదా? వచ్చినది. లోకము ఉదారముగానే యిచ్చినది. బియ్యము, నీరు, పాలడబ్బాలు, టార్పాలినులు, మంచములు ఓడలకొలది వచ్చినవి. శాన్ హువాన్ రేవున వేలకొలది పెట్టెలు దిగినవి. వాటిని కదలించుటకు లారీ తోలువాడు దొరకలేదు, తోలువాడు దొరికిన చోట చమురు లేదు, చమురున్న చోట దారి లేదు. ఇది తొలిదినముల కష్టము. దానిని మేము క్షమింతుము. కాని తరువాతి కథకు క్షమాపణ లేదు. 2018 ఆగస్టులో, తుపాను గడచిన పదునొకండవ నెలలో, ఎన్నికల కార్యాలయపు ఆవరణమున పది ట్రెయిలర్ల దానపు సరకు ఎలుకలపాలై కుళ్లుచు కనబడినది. మరుసటి నెలలో సేయిబా యొద్ద, విమానములు దిగుట మానిన రన్‌వే మీద, నీటి సీసాలు మోపులు మోపులుగా ఎండలో పడియుండుట ఛాయాచిత్రములలో లోకము చూచినది. 2020 జనవరిలో భూకంపము వచ్చి దక్షిణతీరపు ప్రజ మరల వీధినబడినపుడు, పోన్సె పట్టణపు గిడ్డంగిలో మారియా నాటి నీరు, మంచములు, పసిపిల్లల ఆహారము పంచక యుంచినట్లు పౌరులే కనిపెట్టిరి. ఆనాడే గవర్నరు ఆపద్రక్షణశాఖ అధికారిని తొలగించినది. తొలగించిన మంచిదే. కాని ఒక యధికారిని తొలగించుటవలన రెండేండ్ల క్రింద దాహముతో అల్లాడిన పిల్లవాని దాహము తీరునా?

ఇచట మేము న్యాయవాద వృత్తిలోనివారము గాన ఒక ధర్మసూక్ష్మము ముందుంచెదము. దేవాలయమునకు భక్తుడు మాన్యము వ్రాసియిచ్చిన, ఆ భూమి ధర్మకర్తది కాదు. అతడు తాళము పెట్టగలడు. పంట దినజాలడు, పాడుపెట్టజాలడు, లెక్క చెప్పననజాలడు. ఆపన్నుల కొరకు లోకము పంపిన వస్తువు సరిగా ఇట్టిదే. దానిని పుచ్చుకొన్న సర్కారుగాని సంఘముగాని ధర్మకర్త మాత్రమే; యజమాని ఆపన్నుడు. కావున ‘మా గిడ్డంగి, మా యిష్టము’ అనుటకు వారికి హక్కు లేదు; ‘మా వస్తువు ఎక్కడ’ అని యడుగుటకు నిరాశ్రయునికి పూర్తి హక్కు కలదు. ఇది దయాధర్మముల ప్రశ్న కాదు. న్యాసద్రోహపు ప్రశ్న. తాళము వేసినవాడు తన జేబున నొక్క డాలరు వేసికొనకున్నను నేరము నేరమే.

ఇక రెండవ చిత్రమును చూడుడు. ద్వీపము నడిమి కొండలలో అడ్హుంటాస్ అను చిన్న యూరు కలదు. రాగి గనుల కొరకు ఆ కొండలను త్రవ్వివేయుదమని ప్రభుత్వము సంకల్పింపగా, దాని నెదిరించుటకు 1980లో ఆ యూరివారు కాసా ప్యూబ్లో, అనగా ప్రజాగృహము, అను సంఘము నేర్పరచుకొనిరి. పదునైదేండ్లు పోరాడి గనుల నాపించిరి. కాఫీగింజ లమ్ముకొని తమ సంఘమును తామే పోషించుకొనిరి. 1999లోనే తమ యింటికప్పుమీద సౌరఫలకములు బిగించుకొనిరి. నాడు చూచి నవ్వినవారు ఉండియే యుందురు. మారియా వెళ్లిన మరునాడు ఆ యూరిలో ఆ గులాబిరంగు యిల్లు వెలుగుచునే యుండెను! జనము అచటికి నడచివచ్చిరి. ఫోనులకు ప్రాణము పోసికొనిరి, శ్వాసరోగులు తమ యంత్రములను తెచ్చి పెట్టుకొనిరి, కబురులు పంపుకొనిరి. పిమ్మట ఆ సంఘము దాతలు పంపిన చిన్న సౌరదీపములను పదునాలుగు వేలు పంచినది. మందు లుంచుకొనవలసిన రోగుల యిండ్లకు సౌరశక్తితో నడచు శీతలపేటిక లిచ్చినది. ఇవియును దానవస్తువులే. కాని ఇవి ఏ రన్‌వేమీదను ఎండలేదు. ఏల? పుచ్చుకొన్న చేతికి పంచవలసిన గడపలు తెలియును. ఏ వాగుకావల ఏ ముసలమ్మ ఊపిరి యంత్రముతో బ్రతుకుచున్నదో ఆ యింటివారికి ఎరుక. రాజధానిలోని పటమునకు ఎరుక లేదు.

దీనిపై ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. వానిని దాచక యెత్తి చూపి సమాధానము చెప్పుట మా పద్ధతి.

‘ఇవి ఆటబొమ్మలు, చేతిలాంతరుతో ఆసుపత్రి నడచునా?’ అని మొదటి ఆక్షేపణ. లెక్క చూతము. మడచి చంకన బెట్టుకొనిపోదగిన నూరు వాట్ల ఫలకము, మంచి యెండ ఐదు గంటలు కాసినచో, నష్టములు పోగా మూడు వందల యేబది వాట్-గంటలకు తక్కువ కాకుండ ఇచ్చును. ఒక ఫోనుకు పదునైదు చాలును. ఐదు వాట్ల దీపము రాత్రి ఐదు గంటలు వెలుగుటకు ఇరువదియైదు చాలును. ఉబ్బసపు పిల్లవానికి మందుపొగ పట్టు నెబ్యులైజరు యొక పూట కంతకుమించి కోరదు. అనగా ఒక్క ఫలకము ఒక వీధి మాటలను, వెలుగును, పసివాండ్ర ఊపిరిని నిలుపును. రాత్రంతయు ప్రాణవాయువు తయారుచేయు యంత్రము మూడు వందల వాట్లు తినును. దానికి ఏడెనిమిది ఫలకములు, తగిన బ్యాటరీ కావలెను. అవియును చిన్న ట్రెయిలరులో ఇమిడిపోవును. ఆసుపత్రి మాటయందురా? 2017 అక్టోబరులోనే టెస్లా కంపెనీవారు శాన్ హువాన్‌లోని పిల్లల ఆసుపత్రికి ఫలకములు, బ్యాటరీలు బిగించి వెలుగిచ్చిరి. కావున ఆటబొమ్మ యనువారు మూడు నెలలు చీకటిలో గడపి అటుపిమ్మట మాటాడవలెను.

‘జనరేటరు ఉండగా ఇవి యేల?’ అని రెండవది. జనరేటరు మంచిదే; చమురు ఉన్నంతవరకు. ఓడరేవు మూతపడి, బంకుల యొద్ద జనము పగళ్లు రాత్రులు వరుసలు గట్టిన దేశమున జనరేటరు ఇనుపముద్ద. తలుపులు మూసిన యింట నడిపినచో దాని విషవాయువు నిద్రలోనే ప్రాణము దీయును. సూర్యునికి ఓడరేవుతో పని లేదు, వరుస లేదు, ధర లేదు.

‘ఫలకములు గాలికి ఎగిరిపోవును’ అని మూడవది. ఇది పూర్తిగా అబద్ధము కాదు. ఉమకావ్ యొద్దనున్న పెద్ద సౌరక్షేత్రమును మారియా చిందరవందర చేసినది. కాని దీనివలన తేలునదేమి? మైదానమున ఒక్కచోట పోగుచేసిన శక్తి ఒక్కపెట్టున పోవును. గట్టిగా బిగించిన ఇంటికప్పు నిలుచును. మడచి లోన దాచుకొను ఫలకము అసలే పోదు. తుపాను రాకను నేడు దినముల ముందే చెప్పగలుగుచున్నారు. గాలికి ముందు లోనికి, గాలి పోయిన పిమ్మట ఎండకు. చేతికర్రవలె వెంట తీసికొనిపోవు శక్తికి ఇదియే గుణము.

నాల్గవ ఆక్షేపణ మా మిత్రులదే గాన దానికి గౌరవమిచ్చి బదులు చెప్పవలెను. ‘ప్రజలే దీపములు పంచుకొనుచుండిన, సర్కారు తన బాధ్యత తప్పించుకొనదా?’ అని వారి భయము. భయము సహేతుకమే. కాని ఇండ్లు చీకటిలో నుంచి సర్కారుకు బుద్ధి చెప్పుట మాకు తెలియని నీతి. అడ్హుంటాస్‌వారు దీపము వెలిగించి నోరు మూసికొనలేదు. దీపము వెలుతురున అర్జీలు వ్రాసిరి. దాతల సాయముతో ఊరినడుమనున్న దుకాణములు పదింటికి పైగా కలిపి, సుమారు ఏడు వందల ఫలకములతో, బ్యాటరీలతో, తమకు తామే యొక చిన్న విద్యుత్కూటమి కట్టుకొని 2023లో ప్రారంభించిరి. రొట్టెల కొట్టు, మందుల కొట్టు ఆపత్కాలమున మూతపడకుండుటయే దాని పరమార్థము. ఇక సర్కారువారి మాట: 2021 జూనులో తంతుల పెత్తనమును లూమా యను ప్రయివేటు కంపెనీకి అప్పగించిరి. 2022 సెప్టెంబరులో ఫియోనా తుపానుకు ద్వీపమంతయు మరల చీకటిపాలైనది. 2024 డిసెంబరు 31వ తేదీన, 2025 ఏప్రిలు 16వ తేదీన, తుపాను లేకయే చీకటి కమ్మినది. 2025 నాటికి నూటికి నలుబది పాళ్లు పునరుత్పాదకశక్తి కావలెనని 2019లో చేసికొన్న శాసనమునుండి ఆ మజిలీలను 2025లో తామే కొట్టివేసిరి. చీకటికి బాధ్యుడెవ్వడో ఇక చెప్పవలెనా? దీపము పంచినవాడా, మాట తప్పినవాడా?

దాతలకును ఒక మాట చెప్పక తప్పదు. మేము మా తీరమున ఒక తుపాను పిదప స్వచ్ఛందసేవకులమై మూటలు విప్పినవారము. ఉన్నికోటులు, జత లేని చెప్పులు, గడువు దాటిన బిస్కత్తులు పర్వతమంత పడియుండగా, ఒక ముసలామె మా యొద్దకు వచ్చి, ‘నాయనా, చీర వద్దు, ఏదైనా దీపముంటే ఇయ్యి, రాత్రయితే మా పిల్లోడికి ఆయాసం, చీకట్లో మందు కనపడదు’ అన్నది. ఆ పర్వతమున దీపము లేదు. తలలు వంచుకొంటిమి. ఇచ్చినవాడు తనకు అక్కరలేనిదానిని ఇచ్చినచో పుచ్చుకొన్నవానికి అది రెండవ తుపాను: విప్పుటకు మనుషులు, దాచుటకు చోటు, పారవేయుటకు బండ్లు కావలెను. ఏమి కావలెనో అడిగి పంపుడు. దీపము పంపినచో దానిని బాగుచేయు పనిముట్లను, అదనపు బ్యాటరీని కూడ పంపుడు. బాగుచేయువాడు లేని ఫలకము రెండేండ్లకు అద్దపుముక్క. ఒక బీగపు గిడ్డంగికి బదులు వేయి యిండ్లలో వేయి చిన్న గిడ్డంగులు.

పద్ధతి తెలియక పోలేదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఉత్తర కరోలినా పడమటి కొండలను ముంచినపుడు, న్యూ ఆర్లీన్సులోని ఫుట్‌ప్రింట్ ప్రాజెక్టు అను సంఘమువారు సౌరవ్యాపారులు దానముగాను అరువుగాను ఇచ్చిన ఫలకములను, బ్యాటరీలను ట్రెయిలర్లకెత్తి, ఆష్‌విల్ చుట్టుపట్ల అగ్నిమాపక కేంద్రములకు, ఆశ్రయములకు చేర్చిరి. పనిముట్టు ఒకటే, ఉపయోగించువారు పలువురు. దానికి పేరు దానము కాదు, ఉమ్మడి సొత్తు.

మన మాట యేమి? 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మరువలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినపుడు విశాఖపట్టణమంతటి నగరము దినముల తరబడి చీకటిలో కూర్చున్నది. తీరము పొడుగున తుపాను రక్షణభవనములు కలవు. గోడలు కలవు, కప్పులు కలవు. ప్రతి భవనమున మడత ఫలకములు, బ్యాటరీ, ఒక శీతలపేటిక, నూరు దీపములు గాలికి ముందే యుండవలెను. తాళపుచెవి తహసీలుదారు బల్లసొరుగులో గాక ఊరివారి చేత నుండవలెను. యంత్రములపై బ్రతుకు రోగుల పట్టిక ఊరి నర్సు యొద్ద నుండవలెను. ఊరి పిల్లలు ఇద్దరు తంతులు కలుపుట, బ్యాటరీ మార్చుట నేర్వవలెను. వచ్చిన దానము, పోయిన దానము లెక్క వ్రాసి గోడకు అంటింపవలెను. ఇందులో ఏదియు దుస్సాధ్యము కాదు. ఏదియు గొప్ప ధనము కోరదు.

ఈ పత్రికను పఠనమందిరమున చదువు పెద్దలను మేము కోరునది ఒక్కటే. రాబోవు ఆశ్వయుజము లోపల మీ యూరి రక్షణభవనము తలుపు తీయించి లోన నేమున్నదో చూచి రండు. ఉన్నది వ్రాసికొనుడు, లేనిది అడుగుడు, ఇయ్యకున్న మరల అడుగుడు. వాయుగుండము పుట్టిన పిదప అడిగిన ప్రశ్నకు గిడ్డంగి బదులు చెప్పదు.